నేతి బీరువా

మీ ఇంటి పన్ను రసీదు ఒకసారి బయటికి తీయండి. ఏ సొరుగులో పడేశారో గుర్తులేదా? పర్వాలేదు, కట్టిన సంగతైతే గుర్తుంటుంది కదా! ఆస్తి పన్ను, నీటి పన్ను, వాటి మీద వడ్డీ... ఆ వరసలో ఎక్కడో అడుగున, కళ్లజోడు పెట్టుకుంటే తప్ప కనపడని అక్షరాల్లో ఒక పద్దు ఉంటుంది. గ్రంథాలయ సెస్సు. పన్నులో రూపాయికి 8 పైసలు. వెయ్యి రూపాయల పన్నుకు 80 రూపాయలు. 5 వేలు కట్టే ఇంటికి 400.

ఎనభై రూపాయలే కదా అంటారా? అనండి. అది మీ ఒక్కరిదీ. మీ వీధి మొత్తానిదీ లెక్కేయండి. మీ వార్డుది వేయండి. ఊరంతటిదీ వేయండి. కాస్త తల తిరుగుతుంది. ఇప్పుడు అదే ఊళ్లో గ్రంథాలయానికి వెళ్లి, నిరుడు కొన్న కొత్త పుస్తకాలు చూపించమని అడగండి. ఈసారి కళ్లు కూడా తిరుగుతాయి.

సెస్సు అంటే మామూలు పన్ను కాదు బాబూ. ఫలానా పనికి అని పేరు పెట్టి పుచ్చుకునే సొమ్ము. దేవుడి హుండీ లాంటిది. చదువు రానివాళ్లూ కట్టారు. చదువొచ్చి చదవనివాళ్లూ కట్టారు. అద్దెకున్నవాడు అద్దెలో కలిపి కట్టాడు, పాపం తను కట్టినట్టు వాడికే తెలియదు. దేశంలో చాలా రాష్ట్రాల్లో ఇలాంటి సెస్సు లేనే లేదు. మనకుంది. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం పుణ్యమా అని అరవై ఏళ్లు దాటి నడుస్తోంది. అంతకుముందు కోస్తాకూ రాయలసీమకూ 1948 నాటి మద్రాసు చట్టం. స్వతంత్ర భారతంలో మొట్టమొదటి గ్రంథాలయ చట్టం అదే. తెలంగాణకు 1955 నాటి హైదరాబాదు చట్టం. చట్టాలు చేయడంలో మనం దేశానికే పెద్దన్నలం. పుస్తకాలు కొనడంలో?

అక్కడే వచ్చింది చిక్కు. సెస్సు వసూలు చేసేది మున్సిపాలిటీ, పంచాయతీ. అందాల్సింది జిల్లా గ్రంథాలయ సంస్థకి. మధ్యలో దూరం ఎంత? జిల్లా కేంద్రాల్లో అయితే రెండు వీధులు. ఆ రెండు వీధులు దాటడానికి మీ 80 రూపాయలకు ఏళ్లు పడుతుంది. కొన్నిచోట్ల దారి తప్పిపోతుంది కూడా. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారే, అది ఇదే. గ్రంథాలయ సంస్థ ఉత్తరం రాస్తుంది: మా సెస్సు బకాయిలు ఇప్పించగలరు. మున్సిపాలిటీ ఉలకదు. మళ్లీ రాస్తుంది. పలకదు. ఈ బకాయిల వార్త ఏడాదికి రెండుసార్లయినా పేపర్లో చదువుతూనే ఉన్నాం. అంకె మాత్రం పెరుగుతుంది. అది మాత్రం క్రమం తప్పదు.

అదే మీరు నేను ఆలస్యం చేస్తే? నెలకు నూటికి 2 రూపాయల వడ్డీ. ఇంకా ఆలస్యమైతే గుమ్మానికి నోటీసు. మన దగ్గర వడ్డీతో సహా గోళ్లూడగొట్టి పుచ్చుకున్న సొమ్ముని, ఎవరి పేరు మీద పుచ్చుకున్నారో వాళ్లకివ్వని వాడి మీద వడ్డీ ఏది? నోటీసు ఏ గుమ్మానికి అంటించాలి?

ఇక్కడ ఆగి మా ఊరి గ్రంథాలయం సంగతి చెప్పాలి. ఏ ఊరని అడక్కండి. మీ ఊరే అనుకున్నా ఫరవాలేదు, పెద్ద తేడా ఉండదు.

పోయిన వేసవిలో వెళ్లాను. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారి ‘అనుభవాలూ జ్ఞాపకాలూనూ’ మళ్లీ చదవాలనిపించింది. లోపలికి అడుగు పెట్టగానే కలరా ఉండల వాసన. గోడలకు ఆనించి బీరువాలు. ఇనప బీరువాలు కొన్ని, అద్దాల బీరువాలు కొన్ని. అన్నిటికీ తాళాలు. మధ్యలో పొడుగాటి బల్లలు, వాటి మీద నాలుగు దినపత్రికలు, వాటిని చుట్టుకుని ఏడెనిమిది మంది పెద్దాయనలు. ఒకాయన పేపరు మధ్య పేజీ చదువుతుంటే, ఎదుటాయన అదే పేపరు వెనక పేజీ కింది నుంచి చదువుతున్నాడు. ఉన్నదాన్ని పూర్తిగా వాడుకోవడం అంటే అదీ!

అటెండరుని అడిగాను. కళ్లజోడు పెట్టుకున్న ప్రతివాణ్నీ మాస్టారూ అని పిలవడం అతనికి అలవాటు. “ఉంది మాస్టారూ, ఆ మూడో బీరువాలో” అన్నాడు చూడకుండానే. వెళ్లి చూశాను. ఉంది! అద్దంలోంచి కనపడుతోంది. పాత అట్ట, వీపు మీద తెల్ల సిరాతో రాసిన నంబరు. దాని పక్కన ఇంకేదో పుస్తకం, అట్టకీ అద్దానికీ మధ్య వెండిరంగు పురుగు ఒకటి తీరిగ్గా పైకి పాకుతోంది. ఆ గ్రంథాలయంలో ఏ డిపాజిట్టూ కట్టకుండా ఏ పుస్తకమైనా తీసుకునే హక్కున్న ఏకైక చందాదారు.

“తీసిస్తావా?”

“తాళం సారు దగ్గరుంటుందండి.”

“సారు ఎక్కడ?”

“ఇన్‌ఛార్జి కదండీ. ఆయనకి ఇంకో రెండు లైబ్రరీలున్నాయి. సోమవారం, గురువారం వస్తారు. ఈ గురువారం రారు, జిల్లా ఆఫీసులో మీటింగు.”

“మరి పుస్తకం కావాలంటే?”

అతను నా వంక జాలిగా చూశాడు. “పేపరు చదువుకోండి మాస్టారూ. ఫ్యాను కింద కూర్చోండి.”

నేతిబీరకాయలో నెయ్యెంతో, గ్రంథాలయం బీరువాలో గ్రంథమంత అనుకున్నాను. తప్పు. నేతిబీరకాయే నయం. అందులో నెయ్యి లేదని అందరికీ తెలుసు. ఇక్కడ నెయ్యి అద్దంలోంచి కనపడుతుంది. నాకడానికే లేదు.

ఆ అటెండరు మీద కోపం తెచ్చుకోకండి. ఇన్‌ఛార్జి మీద కూడా వద్దు. ఖాళీలు నింపరు. ఒక మనిషికి మూడు లైబ్రరీలు తగిలిస్తారు. తగిలించి, మూడింట్లోనూ ఒక్క పుస్తకం పోయినా నీదే పూచీ అంటారు. ఇక ఆయనేం చేస్తాడు? తాళం వేస్తాడు. మీరైనా వేస్తారు, నేనైనా వేస్తాను.

ఈ పూచీ సంగతి కాస్త విడమరిచి చెప్పుకోవాలి. ఎందుకంటే లైబ్రరీల్లో పుస్తకాలకు ప్రాణగండం ఇక్కడే ఉంది. ప్రతి పుస్తకానికీ యాక్సెషన్ రిజిస్టర్లో ఒక నంబరు ఉంటుంది. స్టాక్ వెరిఫికేషన్‌కి వచ్చినాయన ఆ నంబరు చదువుతాడు. పుస్తకం కనపడాలి. కనపడితే టిక్కు. కనపడకపోతే ప్రశ్న, సంజాయిషీ, రికవరీ. ఆ పుస్తకం పదేళ్లలో ఎవరైనా చదివారా? ఆ గడి రిజిస్టర్లో లేదు. చెదలు లోపలంతా తినేసి అట్ట మాత్రం మిగిల్చాయా? అట్ట ఉందిగా! టిక్కు. వందమంది చదివి, నూట ఒకటోవాడు తిరిగివ్వకపోతే? గ్రంథపాలకుడు దొంగ.

అలాగని నిబంధనలన్నీ ఇంత మొండివేం కావు. కేంద్ర ప్రభుత్వ ఆర్థిక నియమావళిలో ఒక ముచ్చటైన నిబంధన ఉంది. ఏడాదిలో పాఠకుల చేతుల్లోకి వెళ్లిన ప్రతి వెయ్యి పుస్తకాలకూ 5 పోతే దాన్ని మామూలు నష్టంగానే తీసుకోవచ్చు, మోసమో నిర్లక్ష్యమో లేనంత వరకు. వెయ్యి రూపాయలు దాటిన పుస్తకమైతేనో, అరుదైనదైతేనో విచారించాలి. ఎంత తెలివైన మాట! పుస్తకం జనంలోకి వెళితే నాలుగు పోతాయి, పోనీ అని సాక్షాత్తూ ఖజానా లెక్కలు చూసేవాళ్లే రాసుకున్నారు. పది రూపాయల గుండుసూదుల డబ్బాకు రెండు సంతకాలు అడిగేవాళ్లు! మన శాఖా గ్రంథాలయాల దాకా ఆ దయ దిగి రాలేదు. వెయ్యికి 5 పోవడానికి ముందు వెయ్యి బయటికెళ్లాలి కదా. బయటికి వెళ్లేవి సున్నా. పోయేవి సున్నా. ఆడిట్ అభ్యంతరాలు సున్నా. ఇంతకన్నా శుభ్రమైన పాలన ఉంటుందా?

1931లో రంగనాథన్ గారు గ్రంథాలయాలకు అయిదు సూత్రాలు రాసిపెట్టారు. మద్రాసు విశ్వవిద్యాలయంలో పనిచేసిన లెక్కల మనిషి. మొదటి సూత్రం సారం చాలా చిన్నది: పుస్తకమున్నది వాడటానికి. ఒకప్పుడు ఐరోపాలో పుస్తకాలను అరలకు గొలుసులతో కట్టేసేవాళ్లు. గొలుసు ఉన్నా సరే, పాఠకుడు అక్కడే నిలబడి పేజీ తిప్పగలిగేవాడు. మనం అభివృద్ధి సాధించాం. గొలుసు తీసేసి తాళం వేశాం.

సరే, ఉన్నవి బీరువాలో ఉన్నాయి. కొత్తవి? నవంబరులో చెప్తారు. ఏటా 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు. ఆ ఏడు రోజులూ గ్రంథాలయానికి పెళ్లికళ. మామిడి తోరణాలు, మైకు, రంగుల టెంటు. అయ్యంకి వెంకటరమణయ్య గారి పటానికి దండ. వక్తల్లో ఎక్కువమంది ఆ భవనంలోకి కిందటి నవంబరు తర్వాత ఇదే రావడం. పుస్తకం హస్తభూషణం అంటారు. వాళ్ల చేతిలో ఉన్నది రెండు ఫోన్లు. ఈ తరం చదవడం లేదని బాధపడతారు. ఈ తరం అప్పటికి ఎండలో గంటన్నర నుంచి నిలబడి ఉంటుంది, పక్క స్కూలు నుంచి వరసగా తోలుకొచ్చారు మరి. చివర్లో వ్యాసరచన పోటీల బహుమతులు. ఏమిస్తారనుకున్నారు? టిఫిన్ బాక్సులు! గ్రంథాలయంలో, గ్రంథాలయ వారోత్సవంలో, వ్యాసం బాగా రాసిన పిల్లకి టిఫిన్ బాక్సు. నేను కళ్లారా చూశాను. ఒకందుకు మంచిదే. కనీసం అది తెరుచుకుంటుంది.

ఆ పటంలోని అయ్యంకి గారికి నిజంగా చెవులుంటే ఏమయ్యేదో! 1914లో బెజవాడలో ఊరూరి గ్రంథాలయాల వాళ్లని ఒకచోట చేర్చిన మనిషి. అంతకు పదమూడేళ్ల ముందు, 1901లో, హైదరాబాదులో రావిచెట్టు రంగారావు గారింట్లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పుట్టింది. కొమర్రాజు లక్ష్మణరావు గారి వంటివాళ్లు వెన్నుదన్ను. నిజాం రాజ్యంలో సభ పెట్టాలంటే ప్రభుత్వం అనుమతి కావాలని గస్తీ నిషాన్ 53 వచ్చిన కాలం కూడా చూసిందా గ్రంథాలయం. వట్టికోట ఆళ్వారుస్వామి పుస్తకాల మూట మోసుకుని ఊళ్లు తిరిగాడు. పాతూరి నాగభూషణం గారు 1935లో కాలువ మీద పడవలో పుస్తకాలు పెట్టి ఊరూరికీ పంపారు. రోడ్డు లేదు, సెస్సు లేదు, జీవో లేదు. పుస్తకం మాత్రం పాఠకుడి రేవుకి వెళ్లింది. ఇప్పుడు రోడ్డుంది, చట్టముంది, ఏటా మన సెస్సుంది. పుస్తకం బీరువా దాటదు.

కొత్త పుస్తకాలు అసలు రావని కాదు. అబద్ధం ఎందుకు చెప్పాలి? వస్తాయి. ఎప్పుడో ఒకప్పుడు, ఏళ్ల కరువు తర్వాత వాన కురిసినట్టు, పైనుంచి కట్టలు కట్టలుగా దిగుతాయి. ఆ కట్టలు విప్పి చూస్తేనే అసలు వినోదం. ఎవరు ఎంచారు ఇవి? కమిటీ. కమిటీకి జాబితా ఎవరిచ్చారు? అమ్మేవాళ్లు. గ్రంథాలయ సంస్థ చైర్మన్ గారిని ఎవరు పెట్టారు? ప్రభుత్వం. ఎన్నికల్లో టికెట్టు రాక అలిగిన పెద్దమనుషులకు కుర్చీ వేయడానికి ఇంతకన్నా నిరపాయమైన చోటు దొరకదు. శాఖా గ్రంథాలయంలో రోజూ కూర్చునే మనిషికి, ఎవరేం అడిగి లేదంటే వెనక్కి వెళ్లారో తెలిసిన ఒకే ఒక్క మనిషికి, ఒక్క ఫోన్ వచ్చిందా? ఎందుకొస్తుంది? పెళ్లికొడుక్కి ఏ కూర ఇష్టమో వాళ్లమ్మని అడుగుతారా, వంట కాంట్రాక్టరుని అడుగుతారు గానీ!

మా లైబ్రరీలో ఓ రోజు సారు కూడా ఉండి, తాళాలు కూడా ఉండి, గ్రహాలు కూడా అనుకూలించాయి. కొత్త కట్టలు చూడనిచ్చాడు. రెండు కట్టలకు పురికొస ఇంకా విప్పలేదు. విప్పినవాటిలో ఒక నాయకుడి జీవిత చరిత్ర అయిదు కాపీలు. అయిదింటి వీపులూ నిటారుగా, ముడత లేకుండా. ఓ కవిగారి షష్టిపూర్తి అభినందన సంచిక మూడు. నెలలో కోటీశ్వరుడు కావడం ఎలా అని నేర్పేవి ఓ డజను. రాసినాయన అయ్యాడో లేదో గానీ అమ్మినాయన అయ్యే ఉంటాడు. పిల్లల పుస్తకాలు? ఉన్నాయి, ఇంగ్లీషువి, మంచు పడే దేశాల బొమ్మలతో. అంత ఎండలో చూడటానికి హాయిగానే ఉన్నాయి.

మంచి పుస్తకం వేసే చిన్న ప్రచురణకర్త ఈ దారికి ఎందుకు రాడో కూడా చెప్తాను. నాకో మిత్రుడున్నాడు. ఇల్లు తాకట్టు పెట్టి పుస్తకాలు వేసే రకం. ఒకసారి గ్రంథాలయాలకు పంపాడు. కమిషన్ ఇచ్చాడు, రవాణా పెట్టుకున్నాడు, బిల్లు మూడు ప్రతుల్లో సమర్పించాడు. “ఆ పుస్తకం రెండో ముద్రణ కూడా అయిపోయిందిరా, మొదటి ముద్రణ బిల్లే ఇంకా రాలేదు” అన్నాడు మొన్న. నవ్వుతూనే అన్నాడు. ఇలా అయితే ఎవరు మిగులుతారు? బిల్లు ఎలా రాబట్టాలో తెలిసినవాళ్లు. వాళ్లకి తెలిసిన విద్య అదొక్కటే, వాళ్ల పుస్తకాలు చూస్తే తెలిసిపోతుంది.

కేంద్రం ఏం చేస్తోంది అంటారు. కలకత్తాలో రాజా రామ్మోహన్ రాయ్ గ్రంథాలయ ప్రతిష్ఠానం ఉంది, 1972 నుంచి. రాష్ట్రం తన వాటా వేస్తే అదీ జత కలిపి పుస్తకాలకు ఇచ్చే పద్ధతి ఒకటి పెట్టింది. రాష్ట్రం వేయకపోతే జతా లేదు. అంటే మన చెయ్యి జేబులోంచి బయటికి రాకపోతే పోయేది మనది మాత్రమే కాదు, ఎదుటివాడిచ్చేదీ పోతుంది. పిల్లిని చంకన పెట్టుకుని పెళ్లికి పోయే తెలివితేటలు ఊరికే వస్తాయా?

పోనీ, కొనకపోతే పోయారు. ఉన్నవాటిలో పనికిరానివి తీసేయొచ్చు కదా? గ్రంథాలయ శాస్త్రంలో దాన్ని కలుపు తీయడమనే అంటారు. రైతుకి చెప్పక్కర్లేని సంగతి. కలుపు తీయని చేనులో పైరు కనపడదు. మా గ్రంథాలయంలో పోటీ పరీక్షల అరలో ఇంకా 23 జిల్లాల ఆంధ్రప్రదేశ్ వర్ధిల్లుతోంది. రాష్ట్రం 2014లో రెండయింది. తెలంగాణలో జిల్లాలు 33 అయ్యాయి. 2022లో ఆంధ్రలో 26 చేశారు. ఆ అర మాత్రం చెక్కు చెదరలేదు. సమైక్యవాదులెవరైనా మిగిలి ఉంటే వచ్చి దణ్ణం పెట్టుకోవచ్చు. దాని కింది అరలో విండోస్ 98 నేర్పే పుస్తకం. పక్కనే ఎప్పటిదో ఆదాయ పన్ను చట్టం వ్యాఖ్యానం. ఇవి తీసేయాలంటే ప్రతిపాదన పంపాలి, పైవాళ్లు చూడాలి, ఒప్పుకోవాలి. పైవాళ్లు సంతకం పెడితే రేపు ఎవడో అడుగుతాడు, ప్రభుత్వ ఆస్తిని ఎందుకు పారేశావని. కాబట్టి పెట్టరు. చెత్తకు మన దగ్గర ఉద్యోగ భద్రత ఉంది.

బంగారానికే లేదు. నమ్మకపోతే ఏ ఆదివారమైనా ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీదికి రండి. పాత పుస్తకాల గుట్టల్లో చెయ్యి పెట్టండి. ఎప్పుడో ఒకప్పుడు గుండ్రటి ఊదారంగు ముద్ర తగులుతుంది. ఏ గ్రంథాలయానిదో నేను చెప్పను, ముద్ర అదే చెప్తుంది. ఏనాటివో పత్రికల బైండు సంపుటాలు, అచ్చులో లేని నవలలు, ఇక ఎక్కడా దొరకని నిఘంటువులు కిలోల లెక్కన వచ్చి ఉంటాయి. వాన కురిసి తడిశాయనో, బూజు పట్టాయనో, కొత్త ఫర్నిచరుకి చోటు కావాలనో. పాత పత్రికల కాగితం నాసిరకం గుజ్జుతో చేసింది. దానిలోనే ఆమ్లముంటుంది. వెలుతురు, తేమ తగిలితే ఏడాదికేడాది పచ్చబడి, పెళుసెక్కి, ఆఖరికి వేలు పెడితే అప్పడంలా విరుగుతుంది. ఆపాలంటే తడి లేని గది కావాలి, ఆమ్లం లేని అట్టపెట్టె కావాలి, బైండింగుకి ఏటా నాలుగు డబ్బులు కావాలి. మనం పెట్టేది కలరా ఉండలు. పుస్తకం చచ్చిపోతున్నప్పుడు అగరొత్తులు వెలిగించినట్టు.

చేయలేకనా? వేటపాలెం వెళ్లండి. సారస్వత నికేతనం. 1918లో ఊరివాళ్లు పెట్టుకున్నది. 1929లో గాంధీ గారు భవనానికి శంకుస్థాపన చేశారు. వందేళ్ల నాటి తెలుగు పత్రికలు కావాలంటే పరిశోధకులు ఇవాళ్టికీ వెతుక్కుంటూ వెళ్లేది అక్కడికే. రాజధానులున్నాయి, సచివాలయాలున్నాయి, డైరెక్టరేట్లున్నాయి. ఓ పాత పేపరు చూడాలంటే మాత్రం నేతపని వాళ్ల చిన్న ఊరికి రైలెక్కాలి. సిగ్గుపడాల్సినవాళ్లు ఈ వాక్యం చదవరు, ఎందుకంటే వాళ్లు ఏదీ చదవరు.

“అంతా ఫోన్లో ఉంది, ఇంకా పుస్తకాలేంటండీ?” ఈ మాట నాతో అన్నది కాఫీ హోటల్లో కుర్రాడు కాదు. గ్రంథాలయాలకు డబ్బు మంజూరు చేసే గదిలో కూర్చున్న ఒక అధికారి. సరే, ఎవరూ చదవడం లేదు. మరి ఉద్యోగాల నోటిఫికేషన్ వచ్చిన రోజుల్లో హైదరాబాదు చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయానికి వెళ్లి చూడండి. అఫ్జల్‌గంజ్ వెళ్లండి, ఏ జిల్లా కేంద్రానికైనా వెళ్లండి. కుర్చీ లేకపోతే మెట్లు, మెట్లు లేకపోతే చెట్టు కింద. అయిదు రూపాయల భోజనం తిని, ఇంటికి వెళ్లడానికి మొహం చెల్లక, రాత్రి తలుపులు మూసేదాకా చదివే పిల్లలు. ఎవరూ చదవకపోతే వీళ్లెవరు? దేశంలో ఇంత ఆబగా చదివే జనం ఉన్న గ్రంథాలయానికి పుస్తకం కొనకుండా ఉండటానికి ఎంత ధైర్యం కావాలి!

మా ఊళ్లోనూ అంతే. వెనక హాలు నిండా పిల్లలు. వాళ్ల ముందు పుస్తకాలు. దగ్గరికెళ్లి చూశాను. ఒక్కదాని మీదా ఊదారంగు ముద్ర లేదు. అన్నీ సొంతవి. సెకండ్ హ్యాండ్‌లో కొన్నవి, జిరాక్సులు తీయించి స్పైరల్ వేయించుకున్నవి. పుస్తకం ఇంటి నుంచి, నీళ్ల సీసా ఇంటి నుంచి, పెన్ను ఇంటి నుంచి. లైబ్రరీ ఇస్తున్నది ఫ్యాను. దాని రెక్క కూడా ఒకటి వంగి టకటకమంటోంది.

బయటికొస్తుంటే గుమ్మం దగ్గర చిన్న బల్ల, దానిమీద పొడుగాటి రిజిస్టరు, దారంతో కట్టిన పెన్ను. దినపత్రికలు పోను, ఆ భవనంలో నేను చూసిన వాటిలో ఆ ఉదయం తేదీ ఉన్నది అదొక్కటే. ‘సొంత పుస్తకముల రిజిస్టరు.’ లోపలికి తెచ్చే ప్రతి పుస్తకం పేరూ రాయాలి. పోయేటప్పుడు సరిచూసి పంపుతారు, లైబ్రరీ పుస్తకాలు ఎత్తుకెళ్లకుండా! తాళం వేసిన బీరువాల్లోంచి ఎలా ఎత్తుకెళ్తారో నాకైతే తెలియదు.

ఊరికే తిప్పాను. తిప్పినకొద్దీ కూర్చుండిపోయాను. లక్ష్మీకాంత్ పాలిటీ. తెలుగు అకాడమి చరిత్ర. లక్ష్మీకాంత్ పాలిటీ. అర్థమెటిక్. మళ్లీ లక్ష్మీకాంత్. ఒక్క వారంలో ఆ ఒక్క పుస్తకమే 31 సార్లు. మధ్యలో ఎవరిదో గుండ్రటి చేతిరాతలో, అమ్మాయిదిలా ఉంది, ‘చివరకు మిగిలేది’. మర్నాడు కూడా అదే. మూడో రోజు అదే పేరు ఇంకో చేతిరాతలో. అంటే ఒకరి పుస్తకం ఇంకొకరికి ఇచ్చుకున్నారన్నమాట. లోపల తాళాల మధ్య జరగనిది గుమ్మం దగ్గర జరుగుతోంది, ఎరువిచ్చి పుచ్చుకోవడం. ఈ ఊరికి ఏ పుస్తకం ఎన్ని కాపీలు కావాలో పాఠకులు సంతకాలు పెట్టి మరీ రాసిచ్చారు. ఏ కమిటీ అక్కర్లేదు, ఏ సర్వే అక్కర్లేదు, జాబితా సిద్ధంగా ఉంది. వీటిలో ఒక్కటైనా లోపల ఉందా అని యాక్సెషన్ రిజిస్టరు అడిగాను. అదీ బీరువాలోనే ఉందట.

“ఇలాంటివి ఎన్ని నిండాయి?” అన్నాను.

“ఏడాదికి నాలుగైదు నిండుతాయి మాస్టారూ.”

“జాగ్రత్తగా దాస్తారా?”

అతను నవ్వాడు. “దాచడమెందుకండీ? పాత పేపర్లతో కలిపి తూకానికి వేసేస్తాం. వీటికి ఆడిట్ లేదుగా!”